దగ్గు మింగిన సీను

ఈ ఏటి నుంచి మా బొగ్గుగనుల సెంటినరీ కాలనీ కమ్యూనిటీ హాలులో నాటకం నేను వేయించడం లేదు. నాకింకా నలభై రాలేదు కాబట్టి దీన్ని రిటైర్మెంటు అంటే వర్క్‌షాపులో నవ్వుతున్నారు. అక్కడ ఎలక్ట్రికల్ సూపర్‌వైజర్‌గా నా డ్యూటీ నాకుంది, ఇంకా చాలా ఏళ్లు ఉంటుంది. కానీ ఆ డ్యూటీ దిగాక ఎక్కే రెండో డ్యూటీ ఒకటి, చదువు అయిపోయినప్పటి నుంచీ చేస్తూ వచ్చాను: కాలనీ పిల్లలతో ఏడాదికో నాటకం. దాన్నుంచి దిగిపోయాను. ఎవరితోనూ గొడవ పడలేదు. నన్నెవరూ పొమ్మనలేదు. అలసిపోయాను, అంతే.

నా తర్వాత ఈ పని ఇద్దరు కుర్రాళ్లు చూసుకుంటారు. "అన్నా, ఏమన్న టిప్స్ ఉంటె చెప్పరాదు" అని అడిగారు. నేను డిప్లొమా చదివినవాణ్ని. మా పనిలో ఒక మోటారును ఇంకొకరికి అప్పగించేటప్పుడు అది ఎంత బాగా తిరుగుతుందో చెప్పం. ఎక్కడ వేడెక్కుతుంది, ఏ చప్పుడు మామూలుది, ఏ చప్పుడు వినబడితే వెంటనే ఆపెయ్యాలి, అది చెబుతాం. నాటకం గురించి కూడా అలాగే చెబుతాను. బహుమతుల సంగతి, శాలువాల సంగతి వదిలేస్తున్నాను.

ముందు షిఫ్టు, తర్వాత సీను

మొదటి ఏడాది రిహార్సల్ పట్టికను సీన్ల వారీగా వేశాను. సోమవారం మొదటి సీను, మంగళవారం రెండో సీను. కాగితం మీద చాలా అందంగా ఉంది. వారం తిరక్కముందే కుప్పకూలింది. తండ్రి ఫస్ట్ షిఫ్టులో ఉన్న పిల్లలు సాయంత్రం రాగలరు. తండ్రి సెకండ్ షిఫ్టులో ఉంటే సాయంత్రం బజారు పని, ట్యూషన్ నుంచి చెల్లెల్ని తీసుకొచ్చే పని అబ్బాయి మీదే పడుతుంది. పైగా షిఫ్టు వారం వారం మారుతుంది. కాబట్టి ఏ రోజు ఏ సీను అని ముందు రాసుకోవద్దు. ఎవరింట్లో ఏ షిఫ్టు అని రాసుకోండి. వచ్చినవాళ్లతో ఏ సీను అవుతుందో ఆ సీను చేయండి.

రెండో విషయం వేడి. ఎండాకాలంలో మన హాలు రేకుల కప్పు పొద్దు గూకాక కూడా సెగ కక్కుతుంది. ఏప్రిల్, మే నెలల్లో కొత్త సీను మొదలుపెట్టవద్దు, వచ్చిన సీనునే మళ్లీ చేయించండి. చెమటలో కొత్త మాట ఎక్కదు.

మూడోది, నేను చాలా ఆలస్యంగా ఒప్పుకున్నది. మన దగ్గరికి వచ్చేవాళ్లు పరీక్షకూ ఉద్యోగానికీ మధ్య ఉన్న ఖాళీలో వస్తారు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియని పిల్లాడికి స్టేజీ మీద నిలబడడం వచ్చేసరికి రెండేళ్లు పడుతుంది. సరిగ్గా అప్పుడే వాడు వెళ్లిపోతాడు. దీనికి విరుగుడు నాకు దొరకలేదు.

సెక్రటరీ గారి సలహాలు

ఆ హాలును నడిపే క్లబ్బుకు సెక్రటరీ అయిన ప్రసాదరావు గారిది కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ కుటుంబం. అకౌంట్స్‌లో ఆఫీసరు. ఆయన ఎన్నడూ 'వద్దు' అనరు, సలహా ఇస్తారు. నాటకం చిన్నదిగా ఉండాలి. నవ్వించాలి. ఎవరినీ నొప్పించకూడదు. ముఖ్య అతిథికి భోజనం వేళ దాటకూడదు.

"ఏమయ్యా, జనం పొద్దస్తమానం బొగ్గులో ఉండి వస్తారు. స్టేజీ మీద కూడా బొగ్గేనంటావా? కాస్త సరదాగా ఏదైనా వెయ్యకూడదూ?"

"సరదాగనే ఉంటది సార్. బొగ్గు గూడ ఉంటది."

"అయితే సరదాని ముందుంచు. బొగ్గుని వెనకాల నిలబెట్టు."

చాలా ఏళ్లు ఆయన్ని మనసులో తిట్టుకున్నాను. ఇప్పుడు చెబుతున్నాను, ఆ మాటలో సగం నిజం. నవ్వుతో మొదలుకాని నాటకాన్ని మన హాలు చివరిదాకా కూర్చుని చూడదు. మిగతా సగం ఎంత నిజమో నాకు రాకేశ్ నాటకంలో తెలిసింది.

రాకేశ్

రాకేశ్ డిగ్రీ పూర్తిచేసి ఇంట్లో ఉన్న రోజుల్లో మా దగ్గరికి వచ్చాడు. మొదటి ఏడు వాడికిచ్చింది పోస్ట్‌మన్ వేషం, ఒక్క మాట. మూడో ఏడు వచ్చేసరికి వాడు లేకుండా సీను రాయడం నాకు చేతకాలేదు. నడకలు పట్టేవాడు. బజారులో ఎవరైనా సరే, వెనకాల పది అడుగులు నడిచాడంటే ఆ మనిషి నడక వాడి కాళ్లలోకి వచ్చేసేది. క్యాంటీన్ వంటమనిషి నడక, బ్యాంకు మేనేజరు నడక, చివరికి నాది. నేను మాట్లాడేటప్పుడు గాలిలో వేలితో ఒకటి, రెండు, మూడు అని గీతలు పెడతానట. వాడు చేసి చూపించేవరకు నాకు తెలియదు.

వాడికి జోడీ మౌనిక, నర్సింగ్ చదివే పిల్ల. రాకేశ్ తండ్రిలాగే వాళ్ల నాన్నది కూడా బాయి పనే, అంటే బొగ్గుగనిలో. నోరు గట్టి. వాడు మాట మరిచిపోతే వదిలేది కాదు. "ఏందిరా, బ్యాటరీ అయిపోయిందా? నీ వేషం గూడ నేనే చెయ్యాల్నా? మీసం తేరాదు, పెట్టుకుంట!"

ఆ ఏడు మేమంతా కలిసి అల్లుకున్న నాటకం ఓదెలు అనే ముసలి కార్మికుడిది. మన దగ్గర అందరికీ తెలిసిన సంగతే, అయినా బయటివాళ్లు చదివితే అర్థం కావాలి కనుక చెబుతాను. ఆరోగ్యం పాడై ఇక బాయి దిగలేడని మెడికల్ బోర్డు తేలిస్తే ఆ కార్మికుడి ఉద్యోగం కొడుక్కి వస్తుంది. మా ఓదెలు గట్టి మనిషి, ఏ జబ్బూ లేదు. కొడుకు కోసం అన్‌ఫిట్ కావాలని భార్య దగ్గర జబ్బులన్నీ ప్రాక్టీసు చేస్తాడు. ఒకరోజు కుంటుతాడు, ఒకరోజు చెవుడు. చివరికి బోర్డు ముందు భయంకరంగా దగ్గుతాడు. దగ్గి దగ్గి దొరికిపోతాడు. జనం నవ్వుతారు. తెర.

ఓదెలు రాకేశ్, ఓదెలు భార్య మౌనిక.

రాకేశ్ దగ్గు మొదటిసారి విన్న రోజు రిహార్సల్ ఆపి అందరం నవ్వాం. అది ఉత్త దగ్గు కాదు. కింద ఎక్కడో చిన్న గీరుడుతో మొదలై, మెట్లెక్కినట్టు ఎక్కి, పైన ఆగి, ఊపిరి అందక ఒక ఈల వేసి, మళ్లీ మొదటి మెట్టుకు పడేది. మధ్యలో చెయ్యి గోడ కోసం వెతికేది. నేను వేలితో గాలిలో గీత పెట్టి, "ఇదే, గిట్లనే ఉండాలె" అన్నాను. అది ఎవరి దగ్గో అడగలేదు. అందరికీ తెలుసు. రాకేశ్ తండ్రి రాజలింగు కాక నిద్రపోతే ఆ వరసలో ఇళ్లన్నిటికీ వినబడేది.

లచ్చవ్వ వచ్చింది

నాటకానికి కొద్దిరోజుల ముందు రెండు సంగతులు ఒకేసారి తెలిశాయి. ఒకటి, ప్రసాదరావు గారు ముఖ్య అతిథిగా ఒక పెద్ద డాక్టరు గారిని పిలిచారు. ఆయన మెడికల్ బోర్డులో కూర్చునేవారిలో ఒకరు. రెండోది, రాజలింగు కాకకు బోర్డు పిలుపు వచ్చింది. నాటకం అయిన మరుసటి వారమే.

ఆ ఆదివారం రాకేశ్ తల్లి లచ్చవ్వ మా క్వార్టరుకు వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"బిడ్డా, మా ఇంటాయన దగ్గు నిజం దగ్గు. అవునా కాదా?"

"అవ్వా, అది అందరికి ఎర్కే."

"డాక్టరు సారుకు ఎర్కనా? రేపు స్టేజీ మీద నా కొడుకు దగ్గుతడు, దొంగ దగ్గు అని అందరు నవ్వుతరు. వారమైనంక అదే దగ్గు బోర్డుల మా ఆయన దగ్గుతడు. ఆ సారు ఏమనుకుంటడు? కొడుకే నేర్పిండు అనుకోడా?"

నేను నా పద్ధతిలో వివరించాను. బోర్డు దగ్గు విని తేల్చదు. ఎక్స్‌రే ఉంటుంది. ఊపిరి పరీక్ష ఉంటుంది. దవాఖాన పాత చీటీలు ఉంటాయి. నాటకానికీ దానికీ సంబంధం లేదు.

"నువ్వు సదువుకున్నోనివి, నీకు గట్లనే కనపడతది," అంది. "ఆయనకు ఇంక రెండేండ్లు కూడ సర్వీసు లేదు. ఇప్పుడు ఫిట్ అన్నరంటె మల్ల పిలుపు రాదు. పోరని నౌకరి పాయె. మీ నాటకం వచ్చే ఏడు మల్ల ఏస్తరు బిడ్డా. మా బోర్డు ఒక్కపారే."

నేను చెప్పింది తప్పు కాదు, కానీ దానితో ఆమెకు ఏ పనీ కాదు.

ఆ సాయంత్రమే ప్రసాదరావు గారి దగ్గరికి వెళ్లి నాటకం మారుస్తానన్నాను. "కార్డులు పంచేశామయ్యా," అన్నారాయన. "డాక్టరు గారు వస్తున్నారు, అందుకని ఆయన వృత్తికి సంబంధించిన నాటకం అని నేనే చెప్పుకున్నాను. సరదాగానే ఉందన్నావుగా?" తర్వాత రాకేశ్‌ను పక్కకు పిలిచి ఓదెలు వేషం ఇంకొకరికి ఇద్దామన్నాను. "ఎవరికిస్తవన్నా? ఎవరు చేసినా దగ్గు అదే దగ్గు గదా. అందరు నా దగ్గర్నే నేర్చుకున్నరు." నిజమే. చివరికి తెర లాగే పిల్లాడు కూడా ఆ దగ్గే దగ్గుతున్నాడు.

మరి దగ్గు మార్చరా అన్నాను. వాడు ఆ రాత్రి రిహార్సల్‌లో వేరే దగ్గులు ప్రయత్నించాడు. ఒక్కటీ నమ్మేటట్టు లేదు. మౌనిక, "మిరపకాయ తిన్న కోడి లెక్కున్నది" అంది. వాడు కూడా నవ్వాడు గానీ కళ్లు నవ్వలేదు.

తలుపు దగ్గర మనిషి

మరుసటి రోజు బోర్డు సీను చేస్తున్నాం. ఏ దగ్గు పెట్టాలో ఇంకా తేలలేదు. "ఈ ఒక్కసారికి పాతదే కానియ్యి, మౌనికకు టైమింగు కావాలె" అన్నాను. స్టేజీ మీద ఒక బల్ల, బల్ల వెనక డాక్టర్లుగా ముగ్గురు, ముందు ఓదెలు. గది బయట నిలబడి కిటికీలోంచి భార్య సైగలు చేస్తూ ఉంటుంది. రాకేశ్ ఊపిరి పీల్చాడు. మొదటి గీరుడు గొంతులోకి వచ్చింది.

అప్పుడు హాలు తలుపు దగ్గర రాజలింగు కాక కనిపించాడు. డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టున్నాడు, చేతిలో టిఫిన్ గిన్నె. 'నీ కొడుకు నిన్ను స్టేజీ మీద ఆడిస్తున్నడు' అని ఎవరో చెప్పారట.

రాకేశ్ తండ్రిని చూశాడు. దగ్గు మధ్యలోనే మింగేశాడు. అది లోపలికి పోవడానికి ఒప్పుకోలేదు. మెడ నరాలు లేచాయి, కళ్లలో నీళ్లు తిరిగాయి, భుజాలు ఒకసారి ఎగిరిపడ్డాయి. నోటి దగ్గరికి లేచిన చెయ్యి దారి మళ్లి, చొక్కా పైగుండీ పట్టుకుని పెట్టుకోవడం మొదలుపెట్టింది. చప్పుడు లేదు.

మౌనిక తలుపు వైపు వీపు పెట్టి ఉంది. ఆమెకు ఏమీ తెలియదు. తన మాట రావలసిన చోటికి వచ్చింది కాబట్టి చెప్పేసింది.

"దగ్గు, దగ్గు! ఇంట్ల రాత్రంత దగ్గుతవు గదా, ఈడ ఏమైంది నీకు?"

అది నవ్వించడానికి రాసిన మాట. బోర్డు ముందు నాటకమాడలేక తడబడుతున్న దొంగను ఎగదోసే మాట. ఇప్పుడు అదే మాట దొంగ కాని మనిషి మీద పడింది. ఏళ్ల తరబడి దగ్గును దాచి దాచి డ్యూటీ చేసిన ఓదెలు, దాన్ని చూపించవలసిన రోజున చూపించలేక నిలబడ్డాడు. బల్ల వెనక డాక్టర్ల వేషం వేసిన ముగ్గురూ తమ మాటలు మరిచిపోయారు. ఎవరూ నవ్వలేదు.

రాజలింగు కాక వచ్చి వెనక కుర్చీలో కూర్చున్నాడు. నేను వెళ్లి పక్కన నిలబడ్డాను.

"ఇంతేనా? మస్తు నవ్వులాట అని చెప్పిండ్రు. నవ్వేటిది ఏమున్నది ఇందుల?"

"కాకా, ఆపుదమా? మీరు ఆపమంటె ఆపుత."

"ఎందుకు ఆపుడు? ఆ సారు నా ఊపిరితిత్తులు సూస్తడా, వీని నాటకం సూస్తడా?" కాసేపు ఆయాసం తీర్చుకున్నాడు. "కాని ఇంతకుముందు ఏదో దగ్గు దగ్గుతున్నడంట గదా వీడు. అది వద్దు. అది నాది."

లేచి వెళుతూ స్టేజీ వైపు చూసి, "ఒరేయ్, పై గుండీ కింది కాజాల పెట్టినవ్, సూసుకో" అన్నాడు.

ఆ సీను అలాగే ఉంచేశాం. ఓదెలుకు జబ్బు లేదన్న మొదటి సీను కొట్టేసి, అతడే తనకు జబ్బు లేదని అందరికీ చెప్పుకుని తిరిగేట్టు మార్చాం. కుంటుడు, చెవుడు అలాగే ఉన్నాయి: అసలు జబ్బు దాచిపెట్టి లేని జబ్బులు వెతుక్కునే మనిషి. సరదా ముందే ఉంది. దర్శకుడిగా ఆ నాటకంలో నేను చేసిన అసలైన పని ఏదంటే, ఆ రోజు 'మల్ల చెయ్యి, దగ్గు రాలే' అనకపోవడం.

నాటకం రోజు

నేను ఎప్పటిలాగే పక్కన లైట్ల బోర్డు దగ్గర ఉన్నాను. అక్కణ్నుంచి జనం మొహాలు కనబడవు. కుంటే సీనుకు హాలు ఊగిపోయింది. చెవుడు సీనుకు ప్రసాదరావు గారి నవ్వు విడిగా వినిపించింది. బోర్డు సీను వచ్చింది. రాకేశ్ దగ్గు మింగాడు. ఎవరో కుర్రాడు ఫక్కున నవ్వి, సగంలో ఆపేశాడు. తర్వాత ఫ్యాన్ల చప్పుడు వినిపించింది. నిండుగా ఉన్నప్పుడు ఆ హాలులో ఫ్యాన్లు వినిపించడం నాకు గుర్తులేదు.

నాటకం అయ్యాక డాక్టరు గారు స్టేజీ వెనక్కి వచ్చారు. పెద్దాయన, నెమ్మదస్తుడు. రాజలింగు కాక, లచ్చవ్వ కొడుకు కోసం అప్పటికే అక్కడ నిలబడి ఉన్నారు. డాక్టరు గారు రాకేశ్ భుజం తట్టారు.

"ఆ దగ్గు ఆపుకోవడం చాలా బాగా చేశావు బాబూ. ఎవర్ని చూసి నేర్చుకున్నావు?"

లచ్చవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రాకేశ్ తండ్రి వైపు చూడలేదు. నన్ను చూపించాడు.

"మా అన్న నేర్పిండు సార్."

"ఓహో. మీరు వైద్యం చదివారా?"

"ఎలక్ట్రికల్ సార్," అన్నాను.

అందరూ నవ్వారు. రాజలింగు కాక కూడా నవ్వబోయాడు. అదే పొరపాటైంది. నవ్వు దగ్గును లేపింది. మొహం నల్లబడింది. మెడ బిగిసింది. ఆయన చెయ్యి పైగుండీ దగ్గరికి వెళ్లింది. డాక్టరు గారికి దండం పెట్టినట్టు తలవంచి, గబగబా సైకిలు స్టాండు వైపు వెళ్లిపోయాడు. గోడ అవతల నుంచి ఆ దగ్గు వినిపించింది. గీరుడు, మెట్లు, ఈల, మళ్లీ మొదటి మెట్టు.

డాక్టరు గారు ఆ గోడ వైపు చూసి, అయ్యేంతవరకూ విన్నారు. తర్వాత నా వైపు తిరిగి, "టీ ఏమైనా ఉందా?" అని అడిగారు.

మిఠాయి

బోర్డు రాజలింగు కాకను అన్‌ఫిట్ చేసింది. ఎక్స్‌రే చేసిన పని అది. నాటకం మంచీ చేయలేదు, చెడూ చేయలేదు. నేను లచ్చవ్వకు మొదటే చెప్పాను, ఆమె ఇప్పటికీ నమ్మదు.

కాక స్వయంగా వర్క్‌షాపు గేటు దగ్గరికి లడ్డూల డబ్బా తెచ్చాడు. "అయిపోయింది బిడ్డా, అన్‌ఫిట్ అయిన!" అన్నాడు. మా వాళ్లంతా చేతులు కలిపి అభినందించారు. నేనూ లడ్డూ తిన్నాను. నీ ఊపిరితిత్తులు చెడిపోయాయని డాక్టర్లు చెబితే మిఠాయి పంచుకునే బతుకు మనది. ఆ డబ్బా పట్టుకున్న మనిషిలో ఎంత సంతోషం ఉందో చూసినవాణ్ని కనుక దీనిమీద ఉపన్యాసం ఇవ్వలేను. మీరు కూడా నాటకంలో ఇవ్వకండి.

కొన్ని నెలలకు రాకేశ్‌కు బాయి ఉద్యోగం ఆర్డరు వచ్చింది. చెప్పడానికి హాలుకు వచ్చినప్పుడు మౌనిక ఏడిపించింది. "ఇగ నిజం టోపీ, నిజం లైటు. నాటకంల పెట్టుకున్న దొంగ లైటు మాకిచ్చిపో." వాడు, "రిహార్సల్స్‌కు వస్తనన్నా, ఎట్లైన వస్త. షిఫ్టు చూసుకొని వస్త" అన్నాడు. నేను సరే అన్నాను. ఇలా చెప్పి వెళ్లినవాళ్లు చాలామంది ఉన్నారు. మనస్ఫూర్తిగానే చెబుతారు. మీరు కూడా సరే అనండి, కానీ ఆ వేషం వేరేవాళ్లకు ఇచ్చేయండి.

ఆదివారం

పోయిన ఏడు, నా చివరి నాటకం రిహార్సల్స్ జరుగుతున్నాయి. కొత్త జట్టు, పాతవాళ్లలో మౌనిక ఒక్కతే మిగిలింది. రాకేశ్ వేయవలసిన వేషం ఇంకో అబ్బాయికి ఇచ్చాను, బాగానే చేస్తున్నాడు. ఒక ఆదివారం పొద్దున ఆఖరి సీను చేస్తుండగా రాకేశ్ వచ్చాడు. నైట్ షిఫ్టు చేసి, స్నానం చేసి, ఇంటికి పోకుండా నేరుగా వచ్చాడు. కనురెప్పల అంచున బొగ్గు పోలేదు, కాటుక పెట్టినట్టుంది.

"చెప్పిన గదన్నా, వస్త అని. మీరు కానియ్యుర్రి, నేను చూస్త."

గోడ పక్కన చాప మీద కూర్చున్నాడు. ఆ సీనులో అన్నదమ్ముల గొడవ ఉంది, అరుపులు ఉన్నాయి, చివర్లో డప్పు ఉంది. మొదటి రెండు మాటలు అయ్యాయో లేదో, వాడి తల గోడకు ఆనింది. నోరు కొంచెం తెరుచుకుంది. నిద్రపోయాడు.

నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెప్పే అవసరం రాలేదు. వాళ్లంతా కాలనీ పిల్లలు. నైట్ షిఫ్టు చేసి వచ్చిన మనిషి పడుకున్న ఇంట్లో పుట్టి పెరిగినవాళ్లు. గిన్నె కింద పెట్టడం, తలుపు వేయడం, కొట్టుకోవడం కూడా చప్పుడు లేకుండా చేయడం వాళ్లకు మాటలతోపాటే వచ్చింది. ఒకరినొకరు చూసుకోలేదు కూడా. అన్న వేషం వేసిన అబ్బాయి తమ్ముడి కాలరు పట్టుకుని, గుసగుసగా తిట్టాడు. తమ్ముడు గుసగుసగా ఎదురు తిరిగాడు. ఒక పిల్ల మధ్యలో పడి గుసగుసగా ఏడ్చింది. ఎవరూ ఒక్క మాట వదలలేదు, ఒక్క కదలిక తగ్గించలేదు. కింద పడవలసిన కుర్చీని మౌనిక పట్టుకుని నెమ్మదిగా పడుకోబెట్టింది.

డప్పు వంతు వచ్చింది. వాయించే అబ్బాయి కర్రలు పక్కన పెట్టాడు. డప్పును ఒళ్లోకి తీసుకుని, వేళ్ల కొసలతో తడుతూ చివరిదాకా వాయించాడు.